మరదలి కొలతలకు చేసిన బండి

జనవరి 9

కాలు విరిగినా నోరు విరగని మా ఆడపడుచుకి,

వదిన రాసేది. నిన్న ఫోన్లో "బాగున్నాను, తిన్నాను, ఉంటాను" అని మూడు ముక్కలనేసి పెట్టేశావు. మీ ఆస్పత్రి వరండాలో ఉన్న ఆ ఒక్క ఫోన్ కోసం వెనక జనం నిలబడి ఉన్నారన్నావు. సరే, నమ్మాను. ఇకమీదట ఉత్తరాలే రాసుకుందాం. ఉత్తరంలో అయితే మధ్యలో పెట్టేయడానికి వీలుండదు.

అసలు సంగతి, మన సొంత బండి ఖాయమైంది. ఇన్నాళ్ళూ ఎవరో వాడి వదిలేసిన రేసు కార్లు కొనుక్కొచ్చి, అతుకులు వేసి, వాటిలో నిన్ను ఎక్కించి పందేలకు పంపాం. గోడకు కొట్టుకుని నీ చీలమండను నుజ్జు చేసింది కూడా అలాంటి పాత బండే. వర్క్‌షాప్ యజమాని చాలా రోజులు గడ్డం గోక్కుని, చివరికి "సరేనమ్మా, ఈ ఏడాది మనదే ఒకటి చేద్దాం, గీయండి" అన్నాడు. నాతోనే అన్నాడు. నేను పైకి మామూలుగా తల ఊపి, లోపలికి వెళ్ళి, వెల్డింగు చేసుకుంటున్న మీ అన్నయ్య వీపు మీద గట్టిగా ఒక్కటిచ్చాను. "విషయం చెప్పి కొట్టొచ్చుగా" అన్నాడు.

ఒక్కరే కూర్చునే బండి. చక్రాలు నాలుగూ బయటికి, మనిషి మధ్యలో, ఇంజిన్ వెనక. ఇలాంటి బండిని ఇంజిన్ దగ్గర మొదలుపెట్టి గీస్తారని అందరూ అనుకుంటారు. నేను నీ తుంటి దగ్గర మొదలుపెట్టాను. కాగితం మధ్యలో ఒక చుక్క పెట్టి, ఇక్కడ మా మరదలు కూర్చుంటుంది అనుకున్నాను. అక్కడి నుంచి నీ మోకాలు, పాదం, మోచెయ్యి, కన్ను. ముందు చక్రాల అంచు నీ కంటికి కనబడాలి, నువ్వు ఎప్పుడూ అడిగేది అదే కదా. నీ వీపు వెనక పెట్రోలు ట్యాంకు, దాని వెనక ఇంజిన్. నీ చుట్టూ నువ్వు పట్టేంత చోటే ఉంటుంది. బండి ఎంత సన్నగా ఉంటే గాలికి అంత తక్కువ అడ్డం. ఈ విద్యలో సగం అదే.

నువ్వు లేవు కాబట్టి మీ అన్నయ్య నీ పాత డ్రైవింగు సూటులో గుడ్డపీలికలు, ఇసుక కుక్కి ఒక బొమ్మను తయారుచేశాడు. దానికి హెల్మెట్ కూడా పెట్టాడు. చెక్కతో చేసిన నమూనాలో దాన్ని కూర్చోబెట్టి నా గీతలు సరిచూసుకుంటున్నాం. అందరూ దాన్ని ఉత్తుత్తి మరదలు అంటున్నారు. నీకంటే చాలా నయం, ఎదురు చెప్పదు.

కానీ ఇసుక ఇసుకే. నీ అసలు కొలతలు కావాలి. తుంటి నుంచి మోకాలికి, మోకాలి నుంచి మడమకి, భుజాల వెడల్పు, కూర్చున్నప్పుడు నేల నుంచి కంటి ఎత్తు. ఎవరిచేతైనా టేపు పట్టించి రాసి పంపు. కాలి సంగతి కూడా రాయి. "బాగుంది" అని కాదు, ఎలా ఉందో రాయి.

నీ చుట్టూ గీతలు గీస్తున్న
వదిన

జనవరి 17

డ్రాయింగు బల్ల దొరసానికి,

నీ ఉత్తరం మా గదిలో అందరూ విన్నారు, నేనే చదివి వినిపించాను. పక్క మంచం మీద ఒక పంతులమ్మ ఉంది, మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. "మీ వదిన నీ తుంటితో మొదలుపెట్టిందా? మా ఇంట్లో నా తుంటి సంగతి అడిగే దిక్కే లేదు" అని నిట్టూర్చింది.

కొలతల కాగితం ఇందులోనే పెట్టాను. మాచేత వ్యాయామాలు చేయించే ఆవిడ కొలిచింది. మేమంతా ఆవిణ్ణి కాళ్ళ మేడమ్ అంటాం. "కొత్త బట్టలకా?" అని అడిగింది. "కాదు, కారుకి" అన్నాను. టేపు పక్కన పెట్టి నా మొహంలోకి చూసి, మళ్ళీ మొదటి నుంచి జాగ్రత్తగా కొలిచింది. ఊతకర్రల పుణ్యమా అని భుజాలు కొంచెం పెరిగాయి, చూసుకో. నడుం తగ్గింది. ఇక్కడ అన్నీ ఉడకబెట్టే పెడతారు.

కాలు ఎలా ఉందో రాయమన్నావుగా. చీలమండలో ఇనుప మేకులున్నాయి. పాదం కిందికి వంగుతుంది, పైకి రాదు. అంటే నొక్కగలను. యాక్సిలరేటర్‌కి కావలసింది నొక్కడమే కాబట్టి, మన ఉద్యోగానికి ఇది కలిసొచ్చే లోపమే.

వదినా, ఒకటి చెప్పనా. ఆ పాత బండి ముక్కు మీద నువ్వు అరచెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, మెల్లగా నిమురుతూ వెళ్ళడం నేను చూశాను. ఒక చోట ఆగి "గాలి ఇక్కడ తడబడుతోంది" అన్నావు. మర్నాడు ఆ చోటు సానబెట్టి ఇచ్చావు. ఎప్పుడూ దొరకని నీలం బండిని ఆ వారం నేను తిన్నటి రోడ్డు మీదే అందుకున్నాను. అప్పటి నుంచీ నాకు నీ చెయ్యంటే గురి. అలాంటి నువ్వు ఒక బండిని మొదటి చుక్క నుంచీ గీస్తుంటే నేనిక్కడ కాలు చాపుకుని పడుకోవడం ఎంత కష్టమో నీకేం తెలుసు.

ఒక్క మాట. నేను కూర్చున్నాక చుట్టూ ఖాళీ ఎంత ఉంటుంది? పైన తెరిచి ఉండే చోటు ఎంత? ఊరికే అడుగుతున్నాను.

మేకుల కాలి
మరదలు

ఫిబ్రవరి 2

భుజాలు పెంచి నాచేత గీతలన్నీ చెరిపించిన మహాతల్లికి,

ఊరికే అడుగుతున్నాను అన్నావంటే ఊరికే కాదని నాకు తెలుసు. లావయ్యావా? కొలిచేటప్పుడు పొట్ట లోపలికి పీల్చావా? మీ ఇంట్లో అందరికీ ఆ అలవాటుంది, మీ అన్నయ్య బట్టల కొట్టులో అదే పని చేస్తాడు. బెంగపడకు, ఖాళీ అస్సలు లేదు. పాత బండిలో మలుపు తిరిగినప్పుడల్లా అటూ ఇటూ ఊగి మోచేతులు కమిలిపోతున్నాయని మా ప్రాణం తీశావు కదా. ఇందులో ఊగడానికి నీకు సందు దొరకదు.

పోయిన వారం ఇంజనీరింగు కాలేజీ వాళ్ళ గాలి సొరంగానికి వెళ్ళాం. పెద్ద ఫ్యాను, దాని ముందు గది పొడవున ఒక గొట్టం, మధ్యలో అద్దం. బంకమట్టితో చేసిన చిన్న బండిని అందులో పెట్టాను. గాలి ఎటు పోతోందో తెలియడానికి ఒళ్ళంతా ఉన్ని దారపు ముక్కలు అంటించాను. ఫ్యాను తిరగ్గానే ముక్కు మీది దారాలు బుద్ధిగా పడుకున్నాయి. నువ్వు కూర్చునే గుంట దాటాక మాత్రం నీ తల వెనక దారాలన్నీ గిలగిల కొట్టుకోవడం మొదలుపెట్టాయి. గాలి ఆ గుంటలో పడి, సుళ్ళు తిరిగి, ఇంజిన్ మీదికి ముద్దలా వెళ్తోందన్నమాట. మట్టి తీసుకుని పక్కలు పెంచాను. గుంట నోరు సన్నం చేశాను. మళ్ళీ ఫ్యాను. మళ్ళీ మట్టి. నా గోళ్ళ నిండా మట్టి, మీ అన్నయ్య మొహం నిండా ఆవులింతలు. చివరికి ఒక్కొక్క దారమే పడుకోవడం మొదలుపెట్టింది. ఆఖరిది కూడా పడుకున్నాక సొరంగం చూసుకునే లెక్చరర్ కుర్చీలోంచి లేచి అద్దం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నాకు ఆ నిలబడడం చాలు.

కాబట్టి పక్కలు నీ భుజాల దాకా వస్తాయి. పైన నువ్వు జారి కూర్చునేంత నోరు. ఒళ్ళంతా ఎక్కడా అంచన్నది లేకుండా నున్నగా ఉంటుంది, చెయ్యి పెడితే జారిపోవాలి. పాదం పైకి రాదన్నావు కాబట్టి పెడళ్ళు ముందుకు జరిపి, వాలు మార్చి, మడమ ఆనడానికి చిన్న మెట్టు పెట్టాను. ఉత్తుత్తి మరదలు అందులో పుట్టి పెరిగినట్టే కూర్చుంది.

పక్క నుంచి చూస్తే ఎలా ఉంటుందో గీసి పంపుతున్నాను. నలపకు.

కాస్త గర్వం తలకెక్కిన
వదిన

ఫిబ్రవరి 13

దారాలను జోకొట్టి నిద్రపుచ్చే వదినకి,

నువ్వు గీసి పంపిన బొమ్మ మంచానికి ఎదురుగా గోడకు అంటించాను. పొద్దున్నే కళ్ళు తెరవగానే అదే. ముక్కు మొనలో మొదలైన గీత నా భుజాన్ని దాటి, తల వెనకగా దిగి, తోక దాకా ఎక్కడా ఆగలేదు. పెన్సిల్ ఎత్తకుండా గీశావా? వేలుతో ఆ గీత వెంట పోతుంటే నాకు గేర్లు మార్చాలనిపిస్తుంది. చాలా బండ్లు చూశాను వదినా. ఎవరో కోపంగా గీసినట్టుంటాయి కొన్ని, ఎవరికో భయపడి గీసినట్టుంటాయి ఇంకొన్ని. ఇది ఇష్టపడి గీసింది.

పంతులమ్మ దీన్ని చేప అనుకుంది. రేసు కారని చెప్పాక కూడా చేపే అంటోంది. చూసిపోయే వాళ్ళు ఎక్కువై నర్సమ్మ విసుక్కుంటోంది. కాళ్ళ మేడమ్ మాత్రం చాలాసేపు చూసి "దీనికి తలుపేది?" అంది. తలుపుండదు, పైనుంచి ఎక్కాలని చెప్పాను. "మరి దిగడం?" అంది. అదీ పైనుంచే అన్నాను. ఆవిడ నా పాదం చేతిలోకి తీసుకుని ఆ రోజు వ్యాయామం మొదలుపెట్టింది.

నేను లావవలేదు. ఒట్టు.

సాయంత్రం పని అయ్యాక ఉత్తుత్తి మరదలిని బయటికి ఎలా తీస్తారు? నువ్వు అది రాయలేదు.

మరదలు

మార్చి 1

పనికిరాని ప్రశ్నల పుట్టకి,

ఎలా తీస్తామేమిటి. మీ అన్నయ్య మెడ దగ్గర సూటు పట్టుకుని ఒక్క లాగు లాగుతాడు, బస్తాలా పైకి వచ్చేస్తుంది. అప్పుడప్పుడు హెల్మెట్ ఊడి దొర్లిపోతుంది. నా మీద, బండి మీద లేని బెంగ దాని మీద ఎందుకు నీకు?

ఇక్కడ పని తలమునకలుగా ఉంది. ఉక్కు గొట్టాల చట్రం పూర్తయింది. మీ అన్నయ్య వేసిన అతుకులు చూడాలి నువ్వు, ఒక్కొక్కటీ ముగ్గు వేసినట్టుంది. ఆయనతో అనలేదులే, అంటే రెండు రోజులు పని చేయడు. ఫైబర్‌గ్లాస్ ఒళ్ళు అచ్చులోంచి ఊడి రావడానికి మొరాయించింది. చుట్టూ చెక్కముక్కలు దూర్చి మెల్లగా తడుతుంటే ఒక్కసారిగా టప్‌మని చేతుల్లోకి వచ్చేసింది. నేనే పట్టుకున్నాను. నీళ్ళతో తడిపిన గరుకు కాగితంతో రుద్ది రుద్ది చేతులు అరిగిపోయాయి, దురద ఇంకా తగ్గలేదు. ఇంజిన్ కూడా మొన్న మొదటిసారి పలికింది. యజమాని టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. ఏమనుకున్నాడో అడగలేదు.

నీకు పొడుగాయన గుర్తున్నాడుగా, పోయినేడు మన పక్క షెడ్డులో ఉండే డ్రైవరు. ఆయన వచ్చాడు. ఆయనకి సీటు పోశాం. మనిషిని బండిలో కూర్చోబెట్టి, వీపు వెనక ప్లాస్టిక్ సంచి పెట్టి, రెండు ద్రవాలు కలిపి అందులో పోస్తే నురుగు పొంగి వీపు ఆకారానికి గట్టిపడుతుంది, నీకు తెలిసిందే. కదలకుండా చక్కగా కూర్చున్నాడు, నీలా చక్కిలిగిలని గోల చేయలేదు. భలే కుదిరింది. అయితే నోరు ఇంకొంచెం వెడల్పు చేయమని అడిగాడు. ఇది మీ కొలతలకు చేసింది కాదండీ అన్నాను. దిగేటప్పుడు మోకాళ్ళు స్టీరింగ్ కింద ఇరుక్కుని, ఒక బూటు లోపలే ఉండిపోయింది. మేమంతా పడీ పడీ నవ్వాం. ఆయన పొడుగు అలాంటిది మరి.

వచ్చే వారమే బండిని ట్రాక్ మీదికి తీసుకెళ్తున్నాం.

ఒళ్ళంతా దురదతో
వదిన

మార్చి 9

గౌరవనీయులైన డిజైనరు గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. బండి పూర్తయినందుకు సంతోషం. సీటు ఆయనకు భలే కుదిరినందుకు మరీ సంతోషం. ఆయన మంచి డ్రైవరు. నా కొలతల కాగితం ఇక మీకు అక్కర్లేదు కాబట్టి పారేయవచ్చు.

ఇక్కడ భోజనం బాగుంది. ఎండ బాగుంది. కాలు బాగుంది.

ఇట్లు,
మీ ఆడపడుచు

మార్చి 15

ముక్కు మీద కోపం పెట్టుకుని బతికే దానికి,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చూపించాను. "బాగుంది అని మూడుసార్లు రాసిందంటే ఏడుస్తూ రాసింది" అన్నాడు. చెల్లెలి సంగతి ఎంతైనా అన్నకే తెలుస్తుంది.

విను. పొడుగాయన వచ్చింది కొత్త బ్రేకులు కాస్త అరిగించి దారికి తేవడానికి, గేర్లు సరిగా పడుతున్నాయో లేదో చూడడానికి. ఆ మాట రాయనేలేదు నేను. నీకు తెలియదా అనుకున్నాను. కొత్త బండిని మొదట ఎవరో ఒకరు మెల్లగా తిప్పాలి కదా, కాలు బాగులేనిదాన్ని పిలిచి తిప్పమంటానా? ఆ పని కాగానే ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన సీటు పీకి గోడకు ఆనించాం. ఇప్పుడు మీ అన్నయ్య దాంట్లో కూర్చుని టీ తాగుతున్నాడు. నీ సీటు నువ్వు వస్తేనే పోసేది. కొలతల కాగితం పారేయమన్నావా? దానికి అట్ట వేసి నా బల్ల మీద పెట్టుకున్నాను.

బండి ఎలా పరిగెత్తిందో కూడా అడగలేదు నువ్వు. అయినా చెప్తాను. మొదటి చుట్టు మెల్లగా వచ్చింది, నేను కంచె పట్టుకుని నిలబడ్డాను. రెండో చుట్టు తిన్నటి రోడ్డు మీద మా ముందు నుంచి పోయినప్పుడు ఇంజిన్ చప్పుడే వినిపించింది, గాలి చప్పుడు లేదు. పాత బండ్లు గాలిని చింపుకుంటూ పోయేవి. ఇది దారి అడిగి పోయినట్టు పోయింది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. పొడుగాయన నడిపితే చెప్పిన మాట వింది ఆ బండి. నీ కిందైతే చెప్పకముందే చేస్తుంది. నువ్వు మలుపులోకి దిగేటప్పుడు చేతులతో ఏం చేస్తావో ఎన్నిసార్లు చూసినా నాకు అంతు పట్టదు. దాన్ని కాగితం మీద గీయడం నాకు రాదు. అందుకే నువ్వు కావాలి.

ఇప్పుడు నా వంతు. డాక్టరు మీ అన్నయ్యతో ఫోన్లో మాట్లాడాడు. నువ్వు వచ్చేయొచ్చని ఆయన చెప్పి చాలా రోజులైందట. నువ్వే ఇంకొన్నాళ్ళు ఉంటానన్నావట. ఆ మాట ఒక్క ఉత్తరంలో అయినా రాశావా? నేనేమనుకోవాలి? నేను గీసింది నీకు నచ్చలేదా? నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, ఒక పూట ఏడ్చి ఊరుకుంటాను. నీళ్ళు నమలకు.

వదిన

మార్చి 24

వదినా,

ఈసారి వేళాకోళం రావడం లేదు, ఏమనుకోకు.

గోడకు కొట్టుకున్న సంగతి మీరందరూ చూశారు. ఆ తర్వాత లోపల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఇంజిన్ ఆగిపోయింది. ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దమైపోయింది. నాకు పెట్రోలు వాసన వేసింది. పట్టీలు విప్పేశాను, అది గుర్తుంది. స్టీరింగ్ ముందున్న ఉక్కు కమాను వంగి పాదం మీద కూర్చుంది. బాగున్న కాలితో తన్నాను. చేతులతో సీటును నొక్కి లేవబోయాను. ఏమీ కదల్లేదు. ట్రాక్ మీద బూట్లు పరిగెత్తుకు రావడం వినిపిస్తోంది, ఎంతకీ దగ్గరికి రావడం లేదు. తొందరగానే తీశారని అందరూ అంటారు. నిజమే అయి ఉంటుంది. మంట రాలేదు. వస్తుంది, ఇప్పుడే వస్తుంది అనుకుంటూ నేను కూర్చున్నాను, అంతే.

నాకు వేగమంటే భయం లేదు వదినా. మలుపంటే లేదు, గోడంటే కూడా లేదు. కూర్చున్నాక లేవలేనేమోనని భయం. పందేల వాళ్ళు పరీక్ష పెడతారు నీకు తెలుసుగా, పట్టీలు కట్టుకుని కూర్చున్న డ్రైవరు, అయిదు లెక్కపెట్టేలోగా ఎవరి సాయం లేకుండా నేల మీద నిలబడాలి. ఇక్కడ కాళ్ళ మేడమ్ నాకు స్నానాల తొట్టిలోంచి లేవడం నేర్పుతోంది. పాదం పైకి వంగని వాళ్ళు మోకాలు మడిచి, అరికాలు ఆనించి లేవలేరు. తొట్టి అంచులు పట్టుకుని చేతుల బలం మీద లేస్తున్నాను. నీ బండికి అంచులు లేవు.

అడుగుదామనే అనుకున్నాను. ఖాళీ ఎంత అని అడిగితే లావయ్యావా అన్నావు. బొమ్మను ఎలా తీస్తారని అడిగితే బస్తాలా వస్తుందన్నావు. నీ తప్పు కాదు, నేను సగమే అడిగాను. మిగతా సగం అడగబుద్ధి కాలేదు. ఆ గీత చూశాక, దారాలన్నీ పడుకున్నాయని నువ్వు రాసింది చదివాక, దీన్ని నా కోసం కోయమని ఏ నోటితో అడగను? కోస్తే పాడైపోతుంది. ఇంత అందమైనది మన షెడ్డులోంచి ఇంతకుముందు రాలేదు. దాన్ని పొడుగాయనకే ఇచ్చెయ్యి. నేను ప్రేక్షకుల మెట్ల మీద కూర్చుని చూస్తాను. అది మా వదిన బండి అని పక్కవాళ్ళకి చెప్తాను.

నచ్చలేదా అని మాత్రం ఇంకెప్పుడూ అడగకు.

నీ మరదలు

ఏప్రిల్ 6

పిచ్చి మొద్దుకి,

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్యని పిలిచాను. నా కుడి చీలమండకు చెక్కబద్ద పెట్టి, పాదం కిందికి వాలి ఉండేలా గట్టిగా కట్టమన్నాను. ఉత్తుత్తి మరదలి పొట్ట విప్పి ఇసుకంతా పారబోసి ఆ సూటు నేను వేసుకున్నాను. నడుం దగ్గర పట్టలేదు, అది మన మధ్యే ఉండనీ. బండిలో కూర్చుని, పట్టీలు కట్టుకుని, "లెక్కపెట్టు" అన్నాను.

అయిదు అనేసరికి నేను ఇంకా పట్టీలతోనే కుస్తీ పడుతున్నాను. అవి విప్పాక మోకాలు స్టీరింగ్ కింద ఇరుక్కుంది. దాన్ని లాక్కుని పాదం సీటు మీద పెడితే అరికాలు ఆనలేదు, జారిపోయింది. రెండు చేతులూ చాపి బండి పక్కలు పట్టుకోబోయాను. అవీ జారిపోయాయి. గాలి జారిపోవాలని నేనే రుద్ది రుద్ది అంత నున్నగా చేశాను, మనిషి పట్టుకోవడానికి ఏమీ మిగల్చలేదు. మీ అన్నయ్య లెక్కపెట్టడం ఆపేశాడు. ఇంజిన్ చల్లగా ఉంది, వాకిలి తెరిచి ఉంది, మొగుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు, అయినా "తియ్యి నన్ను, తియ్యి" అని అరిచాను. ఆయన మెడ దగ్గర సూటు పట్టుకుని లాగాడు.

అప్పుడు తెలిసింది. ఇన్ని నెలలూ ఆ బొమ్మను ఎక్కించి, సరిగ్గా కూర్చుందా లేదా అని చూసి మురిసిపోయాం. దిగడం ఎవరం చూడలేదు. బొమ్మ దిగదు, దాన్ని తీస్తాం. నేను బొమ్మకి బండి గీశాను, నీకు కాదు. నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. నీ మీద కోపం కూడా వచ్చింది. కోయమని అడగలేనన్నావు చూడు, ఆ మాటకి ఒళ్ళు మండిపోయింది. ఆ బండి ఎవరి కోసం గీశాననుకున్నావు, గోడకు తగిలించుకోవడానికా?

మీ అన్నయ్య "కాస్త స్థిమితపడు, రేపు చూద్దాం" అన్నాడు. నేను రంపం తీసుకున్నాను. మొదటి కోత దగ్గర మాత్రం చెయ్యి ఆడలేదు. ఆయన వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు.

ఇప్పుడు నోరు ముందుకు, వెనక్కి సాగింది. పక్కలు నీ మోచేతుల దాకా దిగాయి. అంచుల వెంట రెండు వైపులా ఉక్కు గొట్టం వేశాం, చేతికి పట్టు దొరకడానికి దాని మీద గరుకు టేపు చుట్టాను. స్టీరింగ్ ఒక్క లాగుతో ఊడి వస్తుంది. ముందు కమాను పైకి జరిగింది, నీ మోకాళ్ళు దాని కింద నుంచి హాయిగా వస్తాయి. సొరంగంలో దారాలు మళ్ళీ గంతులేస్తాయని నాకు తెలుసు. వేయనీ. తిన్నటి రోడ్డు మీద కొంత వేగం పోతుంది. అది నువ్వు మలుపుల్లో సంపాదించాలి. అందం సంగతి అంటావా, ఇదివరకు అద్దాల బీరువాలో పెట్టాలనిపించేది. ఇప్పుడు ఎక్కి తోలాలనిపిస్తోంది.

కాలు అలాగే కట్టుకుని నేను దిగుతున్నాను. అయిదు లోపల కాదులే, నా ఒళ్ళు నీకు తెలుసు. కానీ ఎవరూ లాగకుండా దిగుతున్నాను.

రా. ఎక్కి తోలమని అనను. ఒక్కసారి కూర్చుని, దిగి చూడు. దిగలేకపోతే చెప్పు, ఇంకా కోస్తాను.

వదిన

ఏప్రిల్ 30

ఒళ్ళు దాచుకోని మా వదినకి,

సీటు పోయించుకుని, నీ చేత నానా తిట్లూ తిని, బండితోపాటు లారీ ఎక్కి ఈ పందేల ఊరికి వచ్చి అప్పుడే నాలుగో రోజు. బండి ఒళ్ళంతా కోసేశావు కాబట్టి విడిగా ఇంకో ఒళ్ళు తయారుగా ఉండాలని నువ్వు అక్కడే ఉండిపోయావు. నిజం చెప్పు, పరీక్ష చూసే ధైర్యం లేక కాదూ? ఇక్కడ ఆఫీసులో ఫోన్ ఉంది. చెయ్యలేదు. నువ్వు మధ్యలో ఏడుస్తావు, నాకు మిగతాది చెప్పడం కుదరదు.

పొద్దున తనిఖీ చేసే ఆయన వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, వంగి, లేచి, అంచు మీది గొట్టం చేత్తో పట్టుకుని చూశాడు. "ఇది గాలికి అడ్డం కదా, ఎందుకు పెట్టారు?" అని అడిగాడు. అన్నయ్య "మా ఆవిడ పెట్టిందండీ" అన్నాడు. ఆయనకీ పెళ్ళయినట్టుంది, ఇంకేం అడగలేదు.

హెల్మెట్ పెట్టుకుని, పట్టీలు బిగించుకుని కూర్చున్నాను. మన షెడ్డులో ఎన్నిసార్లు దిగానో నాకే గుర్తు లేదు, అయినా ఆయన గడియారం బయటికి తీసేసరికి చేతులు ఎక్కడ వేయాలో మరిచిపోయాను. మొదటిసారి పట్టీ మోకాలికి చుట్టుకుంది. సగం లేచి మళ్ళీ కూలబడ్డాను. గోడ దగ్గరి వాసన, ఆ బూట్ల చప్పుడు అన్నీ ఒక్కసారి మీదికి వచ్చాయి. అన్నయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయన అన్నయ్యని చేత్తో ఆపి, నాతో "తొందరేం లేదమ్మా, ఇంకోసారి" అన్నాడు. కళ్ళు మూసుకున్నాను. స్టీరింగ్ లాగి పక్కన పడేశాను. రెండు చేతులకీ నీ గరుకు టేపు తగిలింది. ఆయన నాలుగు అంటుండగా నేను బయట ఒంటికాలి మీద నిలబడి ఉన్నాను.

తర్వాత సాధన చుట్లలో తోలాను. వదినా, ఏమని రాయను. నా వేళ్ళు అనుకున్నది బండికి ముందే తెలుస్తోంది. తిన్నటి రోడ్డు మీద ఒక ఎర్ర బండి మమ్మల్ని దాటింది, నువ్వు చెప్పినట్టే. తర్వాతి మలుపులో అతను బ్రేకు వేసిన చోట నేను వేయలేదు. ముందు చక్రాలు రెండూ నా కంటి ముందే తిరుగుతున్నాయి, ఎంత దూరం పోవచ్చో అవే చెప్పాయి. లోపలి వైపు నుంచి దాటేశాను. మళ్ళీ మలుపులో ఇంకొకణ్ణి. హెల్మెట్‌లో నేనొక్కదాన్నే పెద్దగా నవ్వడం నాకే వినిపించింది. ఇంత బండి గీసిన దానివి, దీన్ని నా కోసం కోసిన దానివి, నీ కాళ్ళకు మొక్కుదామంటే వయసులో అంత పెద్దదానివి కాదు. వచ్చాక గట్టిగా పట్టుకుంటాను, ఊపిరాడకపోతే నన్నడక్కు.

చీకటి పడకముందే ఇక్కడ మాకిచ్చిన షెడ్డు ముందు ఆపాను. ఇంజిన్ కట్టేశాను. ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దమైపోయింది, పెట్రోలు వాసన కూడా వేసింది. పట్టీలు విప్పాను. అన్నయ్య వంగి, నా చంకల కింద చేతులు పెట్టబోయాడు. వద్దన్నాను. "మరి దిగు" అన్నాడు. దిగొచ్చు. ఎప్పుడు కావాలంటే అప్పుడు దిగొచ్చు. అందుకని దిగలేదు. టీ ఇక్కడికే తెమ్మన్నాను.

ఈ ఉత్తరం కూడా ఇందులోనే కూర్చుని, ఒడిలో అట్ట పెట్టుకుని రాస్తున్నాను. షెడ్డు తలుపులు వేసుకోవాలి, దిగవే తల్లీ అని అన్నయ్య ఇప్పటికి రెండుసార్లు అడిగాడు. కాసేపు ఆగమన్నాను.

మీ మరదలు